చివర నిలిచే చిన్నమాట

"నేను కూర్చున్న కుర్చీ" అంటాం. కూర్చున్నది కుర్చీలో కదా, మరి ఆ 'లో' ఏమైంది? ఈ మూడు మాటల్లో అది ఎక్కడా లేదు. అయినా తెలుగు వచ్చినవాళ్ళెవరికీ ఇక్కడ ఏదో లోటు ఉందని అనిపించదు. "పండు కోసిన కత్తి"లో 'తో' పోయింది. "మేం చదివిన బడి"లో 'లో' పోయింది. "అన్నం తిన్న చెయ్యి"లో మళ్ళీ 'తో' పోయింది. డు, ము, వు, లు అంటూ చిన్నప్పుడు వల్లెవేసిన విభక్తులన్నీ నామవాచకం క్రియకు ముందు ఉన్నంతవరకే నిలుస్తాయి. ఆ నామవాచకాన్ని క్రియ తర్వాతికి తెచ్చి, క్రియనే దానికి విశేషణంగా మార్చామా, విభక్తి రాలిపోతుంది.

ఇదే సంగతిని ఇంగ్లీషువాళ్ళు "ది చైర్ ఐ శాట్ ఆన్" అంటారు. కుర్చీ ముందుకు వెళ్ళిపోయింది, 'ఆన్' మాత్రం తన చోటు వదల్లేదు. "ది నైఫ్ ఐ కట్ ది ఫ్రూట్ విత్", "ది స్కూల్ వుయ్ స్టడీడ్ ఎట్", "ది హ్యాండ్ ఐ ఈట్ విత్". అన్నింటిలోనూ ఒక చిన్న ప్రిపోజిషన్ చివర ఒంటరిగా నిలబడి ఉంటుంది. వినేటప్పుడు అది సగం మింగేసినట్టే వినిపిస్తుంది. కానీ దాన్ని తీసేస్తే వాక్యం నిలవదు. తెలుగు ఇంట పుట్టి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు ఈ చిన్నమాటనే వదిలేస్తుంటారు. అందుకు కారణం వాళ్ళ అశ్రద్ధ కాదు, రెండు భాషల నిర్మాణం. ఆ నిర్మాణాన్ని దగ్గరగా చూడడమే ఈ అధ్యాయం పని.

క్రియ మింగేసిన సంబంధం

ముందు మన సంగతి చూద్దాం. కూర్చున్న, కోసిన, చదివిన లాంటి రూపాలను మన వ్యాకరణాలు ధాతుజ విశేషణాలంటాయి. ఇవి నామవాచకానికి ముందు వచ్చి దాన్ని వర్ణిస్తాయి. ఆ నామవాచకానికీ క్రియకూ ఉన్న సంబంధం ఏమిటో మాత్రం చెప్పవు. కర్తా, కర్మా, పనిముట్టా, చోటా, కాలమా అన్నది మనమే లోకజ్ఞానంతో పూరించుకుంటాం. కత్తి పండును కోస్తుందే గానీ పండు కత్తిని కోయదు కాబట్టి "పండు కోసిన కత్తి"లో తికమక రాదు.

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. "తలుపు తీసిన చప్పుడు" అంటాం. "చేపలు వేయిస్తున్న వాసన" అంటాం. ఇక్కడ చప్పుడు తలుపు తీయలేదు. చప్పుడును ఎవరూ తీయలేదు, చప్పుడుతోనూ తీయలేదు. తలుపు తీయడం అనే పనిలో చప్పుడుకు ఏ విభక్తీ లేదు. తీస్తే వచ్చింది, అంతే. అంటే తెలుగులో నామవాచకం ఆ చిన్న వాక్యంలోంచి బయటికి వచ్చి ఉండాల్సిన అవసరమే లేదు. వాక్యాన్ని నామవాచకం పక్కన పెడితే చాలు, మిగతాది అర్థం చూసుకుంటుంది. జపనీస్ భాషలోనూ సరిగ్గా ఇలాగే జరుగుతుంది. యోషికో మాట్సుమోటో 1997లో ఆ భాషలోని ఇలాంటి నిర్మాణాల మీద ఒక పుస్తకమే రాశారు. అక్కడ కూడా చేపలు కాల్చే వాసనను మనలాగే చెబుతారు. ఇంగ్లీషుకు ఇది చేతకాదు. "ది స్మెల్ ఆఫ్ ఫిష్ ఫ్రైయింగ్" అని 'ఆఫ్' తెచ్చుకోవలసిందే.

అయితే ఈ స్వేచ్ఛకు ఒక హద్దుంది. "నేను సినిమాకు వెళ్ళిన స్నేహితుడు" అని చూడండి, నాలుక తడబడుతుంది. 'తో' రాలిపోయేసరికి ఆ స్నేహితుడికి ఆ సినిమాతో ఏం పనో తెలియకుండా పోయింది. అప్పుడు మనం రెండు దారుల్లో ఒకటి పడతాం. ఒకటి, "నేను ఎవరితో సినిమాకు వెళ్ళానో ఆ స్నేహితుడు" అని పొడుగ్గా చెప్పడం. రెండోది, వాక్యాన్నే తిప్పేసి "నాతో సినిమాకు వచ్చిన స్నేహితుడు" అనడం. మాట్లాడేటప్పుడు ఎక్కువగా రెండోదే చేస్తాం. "నేను భయపడిన కుక్క" అనడానికి మనసొప్పదు, "నన్ను భయపెట్టిన కుక్క" అంటాం. ఏ మనిషినో, ఏ జంతువునో కర్తను చేసేస్తే విభక్తి గొడవే ఉండదు. "నేను వచ్చిన ఊరు" కూడా ఇలాంటిదే. అది చేరిన ఊరా, బయల్దేరిన ఊరా? సందర్భం చెప్పాలి తప్ప మాటలు చెప్పవు.

ఇంగ్లీషులో ఈ తిప్పుడు అక్కర్లేదు. "ది ఫ్రెండ్ ఐ వెంట్ టు ది మూవీ విత్", "ది డాగ్ ఐ వాజ్ అఫ్రెయిడ్ ఆఫ్", "ది టౌన్ ఐ కేమ్ ఫ్రమ్", "ది టౌన్ ఐ కేమ్ టు". చివరి రెండింటి మధ్య ఉన్న తేడా అంతా ఆ చివరి చిన్నమాటలోనే ఉంది. 

1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు దాదాపు యాభై భాషలను పక్కపక్కన పెట్టి, ఏ భాష ఏ నామవాచకాన్ని ఇలా వర్ణించగలదో పరిశీలించారు. వాళ్ళకు ఒక మెట్ల వరస కనిపించింది. పై మెట్టున కర్త. తర్వాత కర్మ, ఆ తర్వాత 'కు' తీసుకునే నామవాచకం, దాని కింద ప్రిపోజిషన్ లేదా ఇతర విభక్తులు తీసుకునేవి, ఇంకా కింద షష్ఠి, అన్నిటికంటే అడుగున పోలికలో వచ్చే నామవాచకం. ఒక భాష కర్తకు వాడే పద్ధతితో ఏదో ఒక మెట్టు వరకు దిగగలిగితే, దాని పైమెట్లన్నీ ఆ పద్ధతికి లొంగుతాయని వాళ్ళు చెప్పారు. కొన్ని భాషలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఇంగ్లీషు దాదాపు అడుగు దాకా దిగుతుంది. కారణం వెతికితే మళ్ళీ ఆ చిన్నమాటే కనిపిస్తుంది. ప్రిపోజిషన్ పోకుండా ఉన్నంతవరకు ఎంత కిందిమెట్టు సంబంధమైనా వినేవాడికి అందుతుంది. తెలుగు తన ధాతుజ విశేషణంతో నాలుగో మెట్టు మీద కొంతవరకు నిలబడుతుంది, కొంతవరకు జారుతుంది. కత్తి దొరికింది, స్నేహితుడు దొరకలేదు.

ఒకే ఇల్లు, నాలుగు తలుపులు

నేను ఉంటున్న ఇంటి గురించి ఇంగ్లీషులో నాలుగు రకాలుగా చెప్పవచ్చు:

"ది హౌస్ ఐ లివ్ ఇన్."
"ది హౌస్ దట్ ఐ లివ్ ఇన్."
"ది హౌస్ విచ్ ఐ లివ్ ఇన్."
"ది హౌస్ ఇన్ విచ్ ఐ లివ్."

నాలుగూ సరైనవే. లెక్కప్రకారం ఇంకో రెండు కూడా కుదరాలి: "ది హౌస్ ఇన్ దట్ ఐ లివ్", "ది హౌస్ ఇన్ ఐ లివ్". కానీ ఈ రెండూ ఇంగ్లీషు నోట ఎన్నడూ రావు. చిన్నపిల్లలు కూడా ఇలా అనరు. ఎందుకు?

'విచ్' నిజంగా సర్వనామం. ఇంటికి బదులుగా నిలబడగలదు. అందుకే దాని ముందు 'ఇన్' ఇమడగలదు. 'దట్' అలాంటిది కాదు. "ఐ నో దట్ హి కేమ్" అన్నప్పుడు అది ఏ వస్తువునూ సూచించదు, ఇక్కడ ఒక వాక్యం మొదలవుతోందని గుర్తు చెబుతుందంతే. మన "వచ్చాడని తెలుసు"లోని 'అని' చేసే పని అది. ఇంటి పక్కన వచ్చే 'దట్' కూడా చాలావరకు ఇలాంటిదేనని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. వాక్యానికి గుర్తు మాత్రమే అయిన మాట ముందు ప్రిపోజిషన్ ఎలా నిలుస్తుంది? అసలు ఏ మాటా లేనిచోట ఇంకెలా నిలుస్తుంది? అందుకని 'దట్' వాడినా, ఏమీ వాడకపోయినా, ప్రిపోజిషన్‌కు చివర తప్ప వేరే చోటు లేదు.

ఈ సంగతి తెలిస్తే ఒక పాత వివాదం తేలిగ్గా తేలిపోతుంది. ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదని పాఠాల్లో విన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కానీ మామూలు సంభాషణలో ఇంగ్లీషువాళ్ళకు అలవాటైనవి మొదటి రెండు తలుపులు. ఆ రెండింట్లోనూ చివరకు రావడం ఒక్కటే దారి. అంటే ఆ నియమం పాటించాలంటే రోజూ మాట్లాడే ఇంగ్లీషును పక్కన పెట్టాలి. మన దేశంలో తరాలుగా చదువుకుంటున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా 'దట్' వచ్చినప్పుడు ప్రిపోజిషన్ చివరికే వెళ్తుందని చెబుతుంది. ఆ పేరా చదవకుండా నియమాన్ని మాత్రమే ప్రచారం చేసినవాళ్ళు పిల్లలకు మేలు చేయలేదు.

నాలుగో తలుపు, అంటే 'ఇన్ విచ్', రాతకు, ఉపన్యాసానికి చెందింది. ఇలా ప్రిపోజిషన్‌ను కూడా ముందుకు లాక్కుపోవడాన్ని జాన్ రాబర్ట్ రాస్ 1967లో ఎంఐటీలో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో 'పైడ్ పైపింగ్' అన్నాడు. హామెలిన్ పట్టణంలో పిల్లంగోవి ఊది ఎలుకలను వెంట తీసుకెళ్ళిన మనిషి కథ నుంచి తీసుకున్న పేరది. విచ్ కదిలితే దాని వెంట ఎంత పెద్ద పదబంధమైనా కదలగలదని రాస్ చూపించాడు. "ఎ బుక్ ది ప్రైస్ ఆన్ ది కవర్ ఆఫ్ విచ్ వాజ్ రాంగ్" అంటే అట్ట మీది ధర తప్పుగా ఉన్న పుస్తకం. తెలుగులో ఎంత హాయిగా ఒదిగిందో చూడండి. ఇంగ్లీషులో అది వ్యాకరణానికి నిలుస్తుంది కానీ టీ బడ్డీ దగ్గర ఎవరి నోటా రాదు.

కొన్నిచోట్ల ముందుకు లాగడం తప్పనిసరి. 'ఎక్స్‌టెంట్', 'సర్కమ్‌స్టాన్సెస్' లాంటి భారీ మాటలతో "టు విచ్", "అండర్ విచ్" అనే అంటారు. 'డ్యూరింగ్'ను చివర వదిలేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. కొన్నిచోట్ల ముందుకు లాగడం కుదరదు. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం. ఇందులో 'ఆఫ్టర్' క్రియలో కలిసిపోయింది. "ది చైల్డ్ షి లుక్స్ ఆఫ్టర్" చక్కగా ఉంటుంది. "ది చైల్డ్ ఆఫ్టర్ హూమ్ షి లుక్స్" అంటే, ఆ పిల్లవాడు వెళ్ళిపోయాక ఆమె వెనకనుంచి చూస్తోందేమో అన్నట్టు వినిపిస్తుంది. 'పుట్ అప్ విత్', 'రన్ అవుట్ ఆఫ్' లాంటివైతే ముక్కలు చేయడానికే వీల్లేదు. ప్రిపోజిషన్‌కు నామవాచకంతో ఎంత బంధముందో, క్రియతో ఎంత బంధముందో ఇక్కడ బయటపడుతుంది. క్రియ బంధం గట్టిగా ఉన్నచోట అది చివరే ఉంటుంది.

నియమం పుట్టిన రోజు

చివర ప్రిపోజిషన్ ఉండడం నిన్న మొన్నటి నిర్లక్ష్యం కాదు. వెయ్యేళ్ళనాటి పాత ఇంగ్లీషులోనూ ఇది ఉంది. నామవాచకాన్ని వర్ణించే చిన్న వాక్యాన్ని, అంటే రిలేటివ్ క్లాజ్‌ను, మొదలుపెట్టడానికి అప్పుడు రెండు మాటలుండేవి. ఒకటి మారని 'థె', రెండోది లింగ వచన విభక్తులతో మారే 'సె'. థె వస్తే ప్రిపోజిషన్ వెనకే, క్రియ దగ్గరే ఉండిపోయేది. సె వస్తే దానితోపాటు ముందుకు వెళ్ళేది. ఇందాక చెప్పుకున్న దట్, విచ్‌ల తేడా ఇదే. మాటలు మారిపోయాయి, తీరు మారలేదు. తర్వాత మిడిల్ ఇంగ్లీషు కాలంలో విచ్, హూమ్ లాంటివి రిలేటివ్ మాటలుగా స్థిరపడ్డాక వాటితోనూ ప్రిపోజిషన్‌ను చివర వదలడం అలవాటైంది.

దీన్ని తప్పుపట్టిన తొలివాళ్ళలో ప్రసిద్ధుడు కవి జాన్ డ్రైడెన్. 1672లో అచ్చయిన ఒక వ్యాసంలో, అప్పటికే కన్నుమూసిన నాటకకర్త బెన్ జాన్సన్ రాసిన 'కాటిలైన్' నాటకంలోని ఒక పాదాన్ని ఎత్తి, ప్రిపోజిషన్‌ను చివర పెట్టడం దోషమన్నాడు. అదే దోషం తన రచనల్లోనూ ఉందని ఒప్పుకున్నాడు. ఆ మాటకు కట్టుబడి, 1668లో తాను ప్రచురించిన నాటక కళా వ్యాసాన్ని 1684లో మళ్ళీ అచ్చువేసినప్పుడు చివర ఉన్న ప్రిపోజిషన్లను ఏరి ముందుకు జరిపాడు. ఇలా జరపడానికి ఆయన కారణం చెప్పలేదు. లాటిన్‌లో ప్రిపోజిషన్ తన నామవాచకాన్ని వదిలి ఉండదు. లాటిన్ చదువే చదువు అనుకున్న ఆ కాలంలో ఆ కొలతతోనే ఇంగ్లీషునూ కొలిచారని నా నమ్మకం.

తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. నియమం ఆయనదేనని చాలామంది అనుకుంటారు కానీ ఆయన నిషేధించలేదు. చివర పెట్టడం సంభాషణకూ మామూలు రాతకూ సరిపోతుందని, ముందు పెట్టడం గంభీరమైన శైలికి అందమని చెప్పాడు. ఆ మాట చెప్పిన వాక్యంలో తానే ఒక ప్రిపోజిషన్‌ను చివర వదిలాడు. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో లౌత్ మాటలను తీసుకుని, ఆ వాక్యాన్ని మాత్రం సరిదిద్ది ప్రిపోజిషన్‌ను ముందుకు జరిపాడు. మరే పుస్తకం ఇంగ్లీషు చదువుకున్న దేశాల్లో విపరీతంగా అచ్చయింది. ఒక పెద్దమనిషి చెప్పిన అభిరుచి పాఠశాలల్లో చట్టంగా మారడానికి ఇలాంటి చిన్న సవరణలే చాలు. 1926లో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ తన ప్రసిద్ధ వాడుక నిఘంటువులో ఈ నియమాన్ని మూఢనమ్మకమనే అన్నాడు. ఆ తర్వాత పేరున్న వ్యాకరణవేత్తలు దాదాపు ఎవరూ దాన్ని సమర్థించలేదు. మన తరగతి గదుల్లో మాత్రం అది ఇంకా బతికే ఉంది.

ఇంగ్లీషుకు తోబుట్టువులైన భాషల్లో డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషలు ప్రిపోజిషన్‌ను ఇలాగే చివర వదులుతాయి. ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్ వదలవు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో మాట్లాడే ఫ్రెంచ్ మాత్రం వదులుతుంది. తరాలుగా ఇంగ్లీషు పక్కన బతుకుతూ, ఇంగ్లీషు ప్రిపోజిషన్లను కొన్నింటిని అరువు తెచ్చుకున్నాక ఆ అలవాటు అబ్బిందని రూత్ కింగ్ అనే పరిశోధకురాలు చూపించారు.

చదివే మనసులో

"ది నైఫ్" అని విన్న వెంటనే "ఐ కట్" వస్తే, వినేవాడి మనసు ఒక పని మొదలుపెడుతుంది. ఈ కత్తికి తర్వాతి వాక్యంలో ఎక్కడో చోటుండాలి, అది ఎక్కడ? మనసు ఆగి చూడదు. మొదటి ఖాళీ కనబడగానే అక్కడ కూర్చోబెట్టబోతుంది. కత్తిని కోశానా? ఇంతలో "ది ఫ్రూట్" వచ్చి ఆ చోటును ఆక్రమిస్తుంది. కత్తిని మళ్ళీ చేతిలో పట్టుకోవాలి. చివరికి "విత్" వస్తుంది, దాని తర్వాత ఏమీ ఉండదు. అక్కడ కత్తి దిగుతుంది. ఇలా ఆక్రమించిన చోట చదివేవాళ్ళు ఒక్క క్షణం తడబడతారని 1986లో లారీ స్టోవ్ ప్రయోగాలతో చూపారు. సెకనులో కొద్దిభాగమే ఆ ఆలస్యం, కానీ కొలిస్తే దొరుకుతుంది.

కాబట్టి చివర ఉన్న ప్రిపోజిషన్ వినేవాడికి ఒక కబురు: నువ్వు మోస్తున్న మాటను ఇక్కడ దించు. తెలుగులో ఈ మోత లేదు. "నేను పండు కోసిన" అని ముందే అంతా విని, తర్వాత "కత్తి" వింటాం. వచ్చేది ఏదో తెలియకపోవడం మన భారం, వచ్చినదాన్ని ఎక్కడ దించాలో తెలియకపోవడం వాళ్ళ భారం.

వర్ణించే మాటలను మరీ పొదుపు చేస్తే ఇంగ్లీషు చదువరి దారి తప్పుతాడు. "ది బాయ్ పుష్డ్ త్రూ ది గేట్ క్రైడ్" అన్న వాక్యంలో 'పుష్డ్' దగ్గర కుర్రాడు తోశాడనుకుంటాం. 'క్రైడ్' వచ్చాక గానీ తోయబడినవాడు వాడేనని తెలియదు. 'హూ వాజ్' అన్న రెండు మాటలుంటే ఈ ఇబ్బంది ఉండదు. అందుకే కర్త స్థానంలో ఉన్న నామవాచకానికి, పూర్తి క్రియ వచ్చినప్పుడు, ఇంగ్లీషు 'హూ', 'దట్' వదలనివ్వదు. "ది మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్" తప్పు. కర్మ స్థానంలో అయితే వదలొచ్చు: "ది మ్యాన్ ఐ మెట్". "దేర్ ఈజ్ ఎ మ్యాన్ వాంట్స్ టు సీ యూ" అని ఐర్లండులోనూ, ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల పలుకుబడుల్లోనూ వినిపిస్తుంది. 'దేర్ ఈజ్' ముందుండడం వల్ల దారి తప్పే ప్రమాదం లేదు కాబట్టి అక్కడ అది బతికింది.

ఎవరికి అతుక్కోవాలి

ఇంతవరకు ప్రిపోజిషన్ తన నామవాచకాన్ని పోగొట్టుకున్న సందర్భాలు చూశాం. అది నామవాచకంతో కలిసి ఉన్నప్పుడు వేరే చిక్కు వస్తుంది. "ఐ మెట్ ది మ్యాన్ ఫ్రమ్ ది బ్యాంక్ ఇన్ ది హోటల్ నియర్ ది స్టేషన్." స్టేషన్ దగ్గర ఉన్నది హోటలా, ఆ మనిషా, బ్యాంకా, మేం కలిసిన చోటా? హోటల్లో ఉన్నది బ్యాంకా, మనిషా, కలయికా? ఒక్క ప్రిపోజిషన్ పదబంధం ఉంటే రెండు అతుకులు సాధ్యం. రెండుంటే అయిదు. మూడుంటే, ఈ వాక్యంలోలా, పద్నాలుగు. నాలుగుంటే నలభై రెండు. గణితంలో కాటలాన్ సంఖ్యలనే వరస ఇది. కెన్నెత్ చర్చ్, రమేష్ పాటిల్ 1982లో అచ్చయిన తమ వ్యాసంలో దీన్ని లెక్కగట్టి చూపారు. యంత్రాలకు ఇంగ్లీషు నేర్పడంలో ఇది చాలాకాలం పెద్ద తలనొప్పిగా ఉండేది. మనుషులు ఆ పద్నాలుగింటిలో పదమూడింటిని గమనించకుండానే ఒకదాన్ని పట్టేస్తారు.

తెలుగు ఇక్కడ చాలావరకు తప్పించుకుంటుంది, ఎలాగో గమనించడం బాగుంటుంది. "హోటల్లో మనిషిని కలిశాను" అంటే కలవడం హోటల్లో. "హోటల్లోని మనిషిని కలిశాను" అంటే మనిషి హోటల్లో. ఒక్క 'ని' చేరేసరికి అతుకు మారిపోయింది. 'దగ్గర', 'దగ్గరి', 'మీద', 'మీది' అన్నవి కూడా ఇంతే. క్రియకు చెందిన మాటనూ నామవాచకానికి చెందిన మాటనూ మన భాష రూపంలోనే వేరుచేసింది. విశేషణమయ్యేటప్పుడు విభక్తిని పారేసుకునే భాషే, విభక్తి ఎవరికి చెందుతుందో ఇంత జాగ్రత్తగా చెప్పడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

రిలేటివ్ క్లాజ్ వచ్చి ఈ వరసకు తగిలితే ఇంకో ముడి పడుతుంది. "ది సెక్రెటరీ ఆఫ్ ది మినిస్టర్ హూ రిజైన్డ్." రాజీనామా చేసింది ఎవరు? ఫెర్నాండో క్యూటోస్, డాన్ మిచెల్ 1988లో ఇలాంటి వాక్యాలను ఇంగ్లీషువాళ్ళకూ స్పానిష్‌వాళ్ళకూ ఇచ్చి చూశారు. ఇంగ్లీషు చదువరులు దగ్గరున్న రెండో నామవాచకం వైపు మొగ్గారు, అంటే మన ఉదాహరణలో మంత్రి. స్పానిష్ చదువరులు మొదటిదాని వైపు మొగ్గారు, అంటే కార్యదర్శి. మాటల వరస రెండు భాషల్లోనూ ఒకటే అయినా అర్థం అటూ ఇటూ అయింది. మనసు ఎప్పుడూ దగ్గరున్నదాన్నే పట్టుకుంటుందన్న నమ్మకానికి ఈ ప్రయోగం గట్టి దెబ్బ వేసింది. తెలుగులో "రాజీనామా చేసిన మంత్రిగారి కార్యదర్శి" అన్నా ఆ అనుమానం పోదు. వరస మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

రాయడానికి పెన్ను

తెలుగు పిల్లలు ప్రిపోజిషన్‌ను వదిలేసేది ఎక్కువగా ఎక్కడ? "గివ్ మి ఎ పెన్ టు రైట్." "దేర్ ఈజ్ నో చైర్ టు సిట్." "ఐ హ్యావ్ నో ఫ్రెండ్స్ టు ప్లే." రాయడానికి పెన్ను, కూర్చోడానికి కుర్చీ, ఆడుకోడానికి స్నేహితులు. తెలుగు నిర్మాణం అలాగే దిగిపోయింది. ఇంగ్లీషుకు "టు రైట్ విత్", "టు సిట్ ఆన్", "టు ప్లే విత్" కావాలి. పెద్దవాళ్ళ మాటల్లోనూ ఇదే: "నథింగ్ టు వర్రీ అబౌట్", "సమ్‌వన్ టు టాక్ టు". ముందుకు జరపాలంటే "ఎ పెన్ విత్ విచ్ టు రైట్" అనవచ్చు. "ఎ పెన్ విచ్ టు రైట్ విత్" మాత్రం ఎవరూ అనరు. ఇలా 'టు' ఉన్న చోట రిలేటివ్ మాట రావాలంటే దాని ముందు ప్రిపోజిషన్ ఉండి తీరాలి.

ఇది తెలుగువాళ్ళ లోపం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. ఎలేన్ క్లైన్ అనే పరిశోధకురాలు 1990ల మొదట్లో వేర్వేరు మాతృభాషల వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోవడాన్ని పరిశీలించారు. మామూలు వాక్యంలో ప్రిపోజిషన్ సరిగా పెట్టేవాళ్ళు కూడా ప్రశ్నల్లోకి, రిలేటివ్ క్లాజుల్లోకి వచ్చేసరికి దాన్ని వదిలేయడం ఆమె గమనించారు. మాతృభాషలో ప్రిపోజిషన్‌ను ఎప్పుడూ పారేయని వాళ్ళు కూడా అలా చేశారు. అంటే కుర్చీ ముందుకు వెళ్ళిపోయాక, 'ఆన్'ను గుర్తుంచుకోవడం కొత్త భాషలో ఎవరికైనా కష్టమే. మనకు ఆ కష్టానికి మన నిర్మాణం కూడా తోడైంది. కాథ్లీన్ బార్డోవి-హార్లిగ్ 1987లో చేసిన పరిశీలన ఇంకో సంగతి చెబుతుంది: నేర్చుకునేవాళ్ళకు ముందు అబ్బేది చివర వదిలే పద్ధతే, ముందుకు లాగే పద్ధతి తర్వాత వస్తుంది. కాబట్టి తరగతిలో "ఇన్ విచ్"తో మొదలుపెట్టి, చివర ప్రిపోజిషన్ తప్పని చెబితే, పిల్లలు అందుకోగల మెట్టును తీసేసి అందని మెట్టు చూపించినట్టవుతుంది.

చేయవలసింది చిన్న పని. నామవాచకాన్ని తీసుకెళ్ళి వాక్యం చివర పెట్టి చూడాలి. "ఐ సిట్ ది చైర్" కుదురుతుందా? కుదరదు, 'ఆన్' కావాలి. అయితే కుర్చీ ముందుకు వెళ్ళినా 'ఆన్' ఉండాలి. "ఐ బాట్ ది చైర్" కుదురుతుంది. అయితే "ది చైర్ ఐ బాట్" చాలు. పిల్లలు నోటితో ఇలా నాలుగు వాక్యాలు తిప్పి చూసుకుంటే, పెద్ద నియమాలు అక్కర్లేకుండానే చెవికి పట్టుబడుతుంది. 'వేర్' వాడినప్పుడు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. "ది హౌస్ వేర్ ఐ లివ్"లో 'వేర్'లోనే 'ఇన్' ఉంది. "ది హౌస్ వేర్ ఐ లివ్ ఇన్" అంటే రెండుసార్లు చెప్పినట్టు.

ఇంగ్లీషులోనూ విభక్తి రాలిపోయే ఒక మూల ఉంది. "ది డే వుయ్ మెట్" అంటే మేం కలిసిన రోజు. 'ఆన్' లేదు, అవసరమూ లేదు. "ది వే హి టాక్స్", "ది టైమ్ షి కేమ్". అన్నీ అచ్చం తెలుగులాగే ఉన్నాయి. వీటికి ఒక లక్షణం ఉమ్మడిగా ఉందని రిచర్డ్ లార్సన్ 1980లలో గమనించాడు. ఈ నామవాచకాలు మామూలు వాక్యంలో కూడా ప్రిపోజిషన్ లేకుండా నిలబడగలవు: "ఐ మెట్ హిమ్ దట్ డే", "డు ఇట్ దిస్ వే". ముందే అక్కర్లేని మాటను తర్వాత వదిలేస్తే నష్టం ఏముంది? 'ప్లేస్' కూడా కొంతవరకు ఈ గుంపులోకి వస్తుంది. "ది ప్లేస్ వుయ్ స్టేడ్" అని అమెరికాలో వింటాం. "ది హోటల్ వుయ్ స్టేడ్" అని మాత్రం వినం, హోటల్‌కు 'ఎట్' కావాలి. 'రీజన్' ఒక్కటి ఈ లెక్కకు లొంగదు. మామూలు వాక్యంలో దానికి 'ఫర్' తప్పదు, అయినా "ది రీజన్ ఐ కేమ్" అనవచ్చు. దీన్ని ఎలా వివరించాలన్నదాని మీద భాషాశాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.